ఫోన్ నంబరు చుట్టరికం

పులివెందులలో ల్యాబు ఓనరు హరినాథ్ గదిలో నాగలత తన ప్రోగ్రామును మొదటిసారి నడిపి చూపించిన రోజున ఆమెను మెచ్చుకోనివాళ్ళు లేరు. తెర మీద ఒక ముసలాయన పేరు నొక్కగానే ఆయన భార్య, కొడుకు, కోడలు, మనవరాలు, ఎప్పుడో ఒకప్పుడు ఆ ల్యాబులో పరీక్ష చేయించుకుని పోయినవాళ్ళంతా ఒకరి కింద ఒకరుగా వచ్చి నిలబడ్డారు.

"ఇదేందమ్మా! మేం ఎవురినీ చుట్టరికాలు అడగలేదే. దీనికెట్ల తెల్సింది?" అన్నాడు హరినాథ్. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఆయన ల్యాబుకు బ్రాంచీలున్నాయి.

"అడిగే పనే లేదు సార్. ఫోన్ నంబరుతో పట్టుకుంటాం. ఒక ఇంట్లోవాళ్ళు ఒకే నంబరు రాయిస్తారు గదా. కొడుకు ఇప్పుడు ప్రొద్దుటూర్లో వేరే నంబరు వాడతాండొచ్చు. కానీ ఒకప్పుడు వాళ్ళమ్మ నంబరు ఇచ్చింటాడు. ఆ నంబరు ద్వారా వాళ్ళమ్మకు అతను తగులుకుంటాడు. అమ్మ రిపోర్టు రాంగానే కొడుకు ఫోనుకు గూడా లింకు పోతాది."

నిజానికి, ప్రోగ్రాములు తేలిగ్గా అల్లడానికి ఆమె వాడే ఫ్రేమ్‌వర్కులో అది ఒక్క వరుస కోడు పని. మనుషుల వివరాలకొక టేబుల్, ఫోన్ నంబర్లకొక టేబుల్. మనిషికీ మనిషికీ నేరుగా ఏ సంబంధమూ రాయక్కర్లేదు. 'ఈ మనిషికి, ఇతని ఫోను ద్వారా, ఆ ఫోను ఇచ్చిన మిగతా మనుషులు' అని చెబితే చాలు, తక్కినదంతా ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది. ఆ వరుస రాసిన పూట నాగలత తనలో తనే మురిసిపోయింది. గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, ప్రొద్దుటూరులో చీరల అంగడి పైనున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇంత చక్కని పని చేయగలిగానని.

ఆ రోజు నాగలతతో పాటు నిఖత్ కూడా పులివెందులకు వచ్చింది. ఆఫీసులో ఆమె పని ఇతరులు రాసినదాన్ని నడిపి చూసి తప్పులు పట్టడం. ఆమె ఓనరు ముందరే అడిగింది.

"లతా, ఒక ఫోను వాడినంత మాత్రాన ఒక ఇంటోళ్ళు అయిపోతారా? పక్కింటోళ్ళ నంబరు ఇచ్చినోళ్ళు ఉండరా? మధ్యలో ఫోను పెట్టొద్దు. బంధాన్నే ఒక రికార్డుగా పెడదాం. ఎవరికి ఎవరు ఏమవుతారు, రిపోర్టు చూపించేదానికి ఒప్పుకున్నారా లేదా, అంతా అందులో ఉంటాది. కౌంటర్లో అడిగి రాసుకుంటారు."

నాగలతకు చిర్రెత్తింది. అందరూ పొగుడుతున్నచోట ఇదేమి పుల్ల విరుపు?

"పల్లెల సంగతి నీకు తెలీదులే నిఖత్. నువ్వు ప్రొద్దుటూరు నడిబజార్లో పుట్టినదానివి. నేను పల్లె వీధిలోనే పెరిగినా. ఒక ఫోనంటే ఒక ఇల్లే," అంది.

అందరూ నవ్వారు. ఆఫీసు యజమాని ప్రతాప్ కూడా నవ్వి, "కౌంటర్లో అంతసేపు ఎవురడుగుతారు నిఖత్, క్యూ రోడ్డుమీదికి వస్తాది," అన్నాడు.

ప్రోగ్రాము మూడు ఊళ్ళలోనూ మొదలైంది. నాగలత వాళ్ళమ్మ కాలనీలో కనిపించినవాళ్ళకల్లా చెప్పుకుంది. రిపోర్టులు ఫోనుకు వస్తాండాయే, అది మా పాప చేసిందే, అని.

ఆ కాలనీ కొండాపురం అవతల ఉంది. ఊరు రిజర్వాయరు నీళ్ళలో మునిగాక ప్రభుత్వం కట్టించిన వరసల ఇళ్ళు. పోలమ్మ అక్కడి బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తుంది. మొగుడు పోయినప్పటినుంచీ నాలుగు గొర్రెలూ ఆ వంటపనీ ఆమెకు ఆధారం. నాగలతకు వరసకు అత్త. కొన్నాళ్ళుగా పోలమ్మను దగ్గు వదలడం లేదు. ఊళ్ళోని ఆరోగ్య కేంద్రానికి పోతే ఉచితంగానే చూస్తారు, కానీ అక్కడ తెలియని మనిషి లేరు. అందుకని ఆమె చెప్పాపెట్టకుండా బస్సెక్కి జమ్మలమడుగు పోయి, ఆ ల్యాబులో తెమడ పరీక్షకు ఇచ్చి వచ్చింది. కౌంటర్లో ఫోన్ నంబరు అడిగారు. పోలమ్మకు ఫోను లేదు. ఎదురింటి పెంచలమ్మ నంబరు చెప్పింది. చిన్నప్పటినుంచీ తనకు గుండెలో మాట చెప్పుకోగల మనిషి పెంచలమ్మ ఒక్కతే.

ఒక ఉదయం నాగలత ఆఫీసుకు బయలుదేరుతుంటే తల్లి ఫోన్ చేసింది.

"ఏమ్మా, మన పోలమ్మకు టీబీ అంట గదా. మీ ల్యాబోళ్ళు పంపించినారు. నా ఫోనుకు వచ్చింది, నారాయణోళ్ళ కోడలికి వచ్చింది, వీధివీధంతా అందరికీ వచ్చింది. మాకంతా ఏంటికి పంపినారమ్మా?"

నాగలత గడప దగ్గరే ఆగిపోయింది. "ఇప్పుడామె యాడుంది?" అంది.

"యాడుంటాది, ఇంట్లో తలుపేసుకునింది. బడికాడ అమ్మలంతా కలబడినారు, ఆమె వండింది మా పిల్లోల్లకు పెట్టొద్దు అని. హెడ్మాస్టరు రావొద్దన్నాడంట."

ఆఫీసుకు పోయి తెర ముందు కూర్చోగానే జరిగింది ఏమిటో తెలిసిపోయింది. పోలమ్మ పేరు నొక్కింది. కింద ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. నారాయణ, అతని కోడలు, బడిలో పిల్లలున్న తల్లులు, నాగలత సొంత తల్లి. వాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు పెంచలమ్మ ఫోన్ నంబరు ఇచ్చినవాళ్ళే. కాలనీకి వచ్చిన కొత్తలో ఆ వీధిలో పనిచేసే ఫోను పెంచలమ్మ దగ్గరే ఉండేది. ఆసుపత్రికి పోయినా, ల్యాబుకు పోయినా, బ్యాంకుకు పోయినా అందరూ ఆ నంబరే చెప్పేవాళ్ళు. తర్వాత ఎవరి ఫోన్లు వాళ్ళు కొనుక్కుని, ల్యాబులో ఆ కొత్త నంబర్లూ రాయించారు. కానీ ప్రోగ్రాము దృష్టిలో వాళ్ళంతా పెంచలమ్మ ఫోను ద్వారా ఒకే కుటుంబం. ఆ కుటుంబంలో ఒకామెకు టీబీ అని తేలింది, తక్కిన అందరికీ అది కబురు పంపింది.

అది ఆమెకు తెలియని సంగతి కాదు. నాగలతకు ఇంజనీరింగులో సీటు వచ్చిందని కాలేజీవాళ్ళు ఫోన్ చేసింది పెంచలమ్మ నంబరుకే. పెంచలమ్మ తడి చేతులతోనే వీధి దాటి పరిగెత్తుకొచ్చి ఫోను చేతిలో పెట్టింది. పల్లెల సంగతి తెలియనిది నిఖత్‌కు కాదు. తెలిసి కూడా, చప్పట్ల కోసం, తన వీధిని తానే మర్చిపోయింది నాగలత. నిఖత్ పక్క బల్ల దగ్గరే ఉంది. ఆమె వైపు తిరగడానికి మొహం చెల్లలేదు.

గబగబా రిపోర్టులు పంపే భాగాన్ని ఆపేసింది. అంతలో ప్రతాప్ తన గదిలోకి పిలిచాడు. హరినాథ్ ఫోన్లో ఉన్నాడు. జమ్మలమడుగు కౌంటరులో కూర్చునే ఫరహత్ అనే అమ్మాయిని కూడా అదే ఫోన్లో కలిపాడు. ప్రతాప్ స్పీకరు పెట్టి బల్లమీద ఉంచాడు.

"ఎవురో బడి హెడ్మాస్టరు నాకు ఫోన్ చేసి తిట్నాడప్పా. ఒకామె రిపోర్టు ఊరంతా ఎట్ల పోయింది?" అన్నాడు హరినాథ్.

"మా సైడు అంతా కరెక్టుగా ఉండాది సార్," అన్నాడు ప్రతాప్. నాగలతను ఒక్క మాటైనా అడగకుండానే. "కౌంటర్లో నంబరు తప్పు కొట్టినట్టుండారు."

"లేదు సార్," అంది ఫరహత్ గొంతు, వణుకుతూ. "ఆమె చెప్పిన నంబరే కొట్టినా. చదివి గూడా వినిపించినా."

"ఏమ్మా, మీరేమంటారు?" అన్నాడు హరినాథ్. ఆ ప్రశ్న నాగలతకే.

ఆమె నోరు తెరిచింది. ప్రతాప్ కళ్ళతోనే వద్దన్నాడు. ఈ ఒక్క ల్యాబు పనిమీదే ఆఫీసు నడుస్తోందని ఇద్దరికీ తెలుసు. కానీ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు ప్రతాప్ కళ్ళు సాకుగా పనికిరాలేదు. ఆ క్షణంలో ఆమెకు తోచింది ఆఫీసు గురించి కాదు. తన పేరు పోతుందని మాత్రమే.

"చూసి చెప్తాను సార్," అంది.

"చూసేదేముంది. ఫరహత్, నువ్వు రేపట్నుంచి రాబాకమ్మా," అన్నాడు హరినాథ్. ఫోన్లో చిన్నగా ఏడుపు వినిపించి, తెగిపోయింది.

గది బయటికి వచ్చేసరికి నిఖత్ లేచి నిలబడి ఉంది. తలుపు పలచనిది, అన్నీ వినే ఉంటుంది. ఆమె ఏమైనా అంటే బాగుండునని నాగలత అనుకుంది. నిఖత్ నీళ్ళ బాటిలు నింపుకోవడానికి వెళ్ళిపోయింది.

మరునాడు నాగలత సెలవు చెప్పి ఎర్రగుంట్ల మీదుగా పోయే బస్సెక్కింది. సిమెంటు లారీల వెనక నత్తనడకన పోయి, ముద్దనూరులో దిగి, కొండాపురం బస్సు పట్టుకుంది. దారి పొడుగునా ఏం చెప్పాలో పేర్చుకుంటూనే ఉంది. సర్వరు, లింకు, పొరపాటు అన్న మాటలే వచ్చాయి. ఏ మాట పెట్టినా అందులో తను ఎక్కడా కనిపించడం లేదు. అది గమనించి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పోలమ్మ ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. అరుగు మీద ఒక చెంబు, ఒక పళ్ళెం విడిగా బోర్లించి ఉన్నాయి. లోపల పోలమ్మ నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

"దూరంగా కూచో పాపా," అంది. "నువ్వెట్లొస్తివి? పట్నంలో ఉండేదానివి, నీకూ అంటుకుంటే?"

"డాక్టరు దగ్గరికి పోయినావా అత్తా?"

"పోవల్ల. మాత్రలిస్తారంట. అంతా తెల్సిపాయె గదా, ఇంగ దాచేదేముంది, ఈడనే పోతా." కాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని అంది, "రోగమొచ్చినందుకు గాదు పాపా నా ఏడుపు. పెంచలమ్మ ఇట్ల జేస్తాదనుకోల్యా. దాని నంబరు ఇచ్చినా, దాని కడుపులో పెట్టుకుంటాదని. వీధంతా జూపిచ్చింది. చిన్నప్పుడు ఇద్దురం ఒకే పయిట కప్పుకుని వానలో నడిసినోల్లం. ఇంటికొస్తే తలుపు తియ్యల్యా నేను. మన్ను బోసినా దానికి."

పోలమ్మ తిట్టుకుంటున్నది తనను కాదు. ఇక్కడ కూడా తన తప్పు ఇంకొకరి నెత్తిన కూర్చుంది. జమ్మలమడుగులో ఫరహత్, ఇక్కడ పెంచలమ్మ.

"అత్తా, పెంచలమ్మ పెద్దమ్మ ఎవురికీ జూపీలేదు," అంది.

"నీకేం తెల్సు, నువ్వీడుంటివా?"

"నేనే పంపినా."

పోలమ్మకు అర్థం కాలేదు. నాగలత అప్పుడు చెప్పింది. బస్సులో పేర్చుకున్న మాటలేవీ వాడలేదు. "మీ రిపోర్టులు పంపే మిషను నేను చేసినా. ఒకే ఫోను ఇచ్చినోల్లంతా ఒకే ఇంటోల్లని దానికి నేర్పినా. మన వీధోల్లంతా పెంచలమ్మ పెద్దమ్మ ఫోనే ఇచ్చింటిమి గదా, అది అందర్నీ నీ ఇంటోల్లే అనుకుని పంపింది. అట్లా అయితాదని నాతో పనిచేసే పాప ముందే చెప్పింది. నేను వినల్యా. నలుగురి ముందర ఆ పాపనే తక్కువ జేసి మాట్లాడినా."

చెబుతున్నంతసేపూ తల వంచుకునే ఉంది. పోలమ్మ తిడుతుందేమో, కొట్టినా బాగుండునేమో అని ఎదురుచూసింది.

"అయితే పెంచలమ్మ జూపీలేదా?" అంది పోలమ్మ.

"లేదత్తా."

పోలమ్మ లేచి, కొంగు నోటికి ఇంకాస్త గట్టిగా కట్టుకుని బయటికి నడిచింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆమెను చూసి పక్కకు జరిగారు. ఆమె నేరుగా పెంచలమ్మ ఇంటి ముందు దూరంగా నిలబడి పిలిచింది. మొదట ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. పెంచలమ్మ బయటికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నీ పాపిష్టి నోటితో నా మింద మన్నుబోసి ఇప్పుడేంటికొస్తివే?" అని అరిచింది.

"నాకు తెలీలేదే. ఈ పాప చేసిందంట."

పెంచలమ్మ చూపు నాగలత మీదికి తిరిగింది. నాగలత వీధి మధ్యలో నిలబడి ఇందాక చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. ఈసారి ఇళ్ళలోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తూ విన్నారు. వాళ్ళలో ఆమె తల్లి కూడా ఉంది. 'మా పాప చేసింది' అని చెప్పుకున్న నోరు కొంగుతో మూసుకుని ఆ తల్లి ఇంట్లోకి పోవడం నాగలతకు కనిపించింది.

"నీకు సీటొచ్చినప్పుడు ఆ ఫోను తీసుకోని నేనే గదమ్మా పరిగెత్తుకొచ్చింది," అంది పెంచలమ్మ. పోలమ్మ వైపు తిరిగి, "గంజి కాస్తా, దూరంగా కూచోని తాగుదువు రా," అంది.

నాగలతను ఎవరూ రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు.

బస్టాపులో నిలబడి ఆమె హరినాథ్‌కు ఫోన్ చేసి, ఫరహత్ తప్పు లేదు, తప్పు నాది, అని చెప్పింది.

"నిన్న నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా?"

"భయపడినాను సార్."

"ఆ పిల్ల గూడా భయపడింది. అయినా చెప్పింది," అని ఆయన పెట్టేశాడు.

ప్రతాప్ ఆమెను పనిలోంచి తీయలేదు. "హరినాథ్ నన్ను అబద్ధాలోడన్నాడు. అనిపించుకోవల్సిందే నేను," అని మాత్రం అన్నాడు. తర్వాత చాలా రోజులు ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు. హరినాథ్ కాంట్రాక్టు తీసేయలేదు కానీ, కొత్త పద్ధతి సిద్ధమయ్యేదాకా రిపోర్టులన్నీ కాగితం మీదే చేతికి ఇమ్మన్నాడు.

నాగలత నిఖత్ బల్ల దగ్గరికి పోయి నిలబడింది. "నువ్వు చెప్పినట్టే చేద్దాం. నాకు చెప్పియ్యి," అంది. నిఖత్ కుర్చీ జరిపి చోటిచ్చింది. ఇద్దరూ కలిసి ఫోను ద్వారా మనుషులను కలిపే ఆ వరుసను తీసేశారు. బంధాలకు వేరే టేబుల్ పెట్టారు. ఒక బంధానికి ఒక రికార్డు. ఎవరు, ఎవరికి ఏమవుతారు, రిపోర్టు చూపించడానికి ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేయడానికి ఒక మీట. ఆ టేబుల్ మొదట ఖాళీగా ఉంది. పోలమ్మ పేరు నొక్కితే కింద ఎవరూ రాలేదు. నాగలత ఆ ఖాళీని చాలాసేపు చూసింది. పెంచలమ్మ పేరు తనే చేర్చాలని చెయ్యి వెళ్ళింది. "ఆమెను అడగాల," అంది నిఖత్. నాగలత చెయ్యి వెనక్కు తీసుకుంది.

పోలమ్మ మాత్రలు మొదలుపెట్టింది. కొన్ని వారాలకు, ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు రాసిచ్చాక హెడ్మాస్టరు ఆమెను మళ్ళీ పిలిచాడు. ఆమె వంటకు పోతోంది. కానీ కొందరు తల్లులు ఇప్పటికీ పిల్లలకు ఇంటి నుంచే అన్నం కట్టిస్తున్నారు. ఎన్ని గిన్నెలు వండినా అడుగున మిగిలిపోతోందని నాగలత తల్లి ఫోన్లో చెబుతుంటుంది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం ఉండదు. నాగలతకు అదే ఎక్కువ బాధ.

ఫరహత్‌ను హరినాథ్ మళ్ళీ రమ్మన్నాడు. ఆమె రాలేదు. ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో కుదిరిందని తెలిసి నాగలత అక్కడికి పోయింది. గాజుల కౌంటరు వెనక సన్నని అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. పేరు చెప్పుకోగానే ఆ అమ్మాయి మొహం మాడిపోయింది.

"ఆ రోజు లైన్లో ఉండింది నువ్వే గదా అక్కా," అంది. "నువ్వు చెప్తావేమోనని నేను శానాసేపు చూసినా."

"తప్పయిపోయింది ఫరహత్."

"నాకు చెప్పి ఏం లాభం? నాది తప్పు కాదని నాకు ముందే తెల్సు. మా నాయనకే తెలీదు. పనిలో మోసం చేస్తే తీసేసినారు అనుకుంటాండాడు. సార్ మళ్ళీ పిలిచినా నమ్మల్యా, జాలిపడి పిలిచినాడంటాడు. నాతో మాట్లాడక ఎన్నాళ్ళయిందో. ఇంటికొచ్చి ఆయనకు చెప్తావా?"

నాగలత క్షమాపణ అడగడానికే వచ్చింది, ఇది అనుకోలేదు. ఆ తండ్రి ముందు కూర్చుని మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి. "వస్తా," అంది.

ఆదివారం జమ్మలమడుగు పోయింది. ఫరహత్ తండ్రి హఫీజ్ వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చుని చెప్పింది. తను ఏం రాసింది, ఎవరి మాట వినలేదు, ఫోన్లో అడిగితే ఎందుకు నోరు మెదపలేదు. పేరు పోతుందని భయపడ్డానన్న మాటను కూడా వదలకుండా చెప్పింది.

ఆయన అంతా విన్నాడు. తల తిప్పి లోపలికి, "బేటీ," అని పిలిచాడు. గడప దగ్గరే నిలబడి వింటున్న ఫరహత్ వచ్చింది. ఆయన మంచం మీద జరిగి ఆమెకు చోటు చేశాడు. చెయ్యి పట్టుకున్నాడు.

నాగలత ఇంకా అక్కడ ఉండాలో, లేచి పోవాలో తెలియక, తల వంచుకుని ఆ కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది.